బిడ్డ చేతికి ముద్ద ఇవ్వండి



పొద్దంతా పొలం పని, పాడి పని చేసి అలసి కూర్చున్నారు. ఈ పూట ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి చెప్పబోవడం లేదు. మన ఇంట్లోనే పెరుగుతున్న చిన్న పంట సంగతి చెప్పుకొందాం. తొమ్మిది నెలలు నిండినా పలుకు తగిలితే చాలు ఉమ్మివేసే బిడ్డ, తన చేత్తో ఏదీ తీసికొని నోట పెట్టుకోని బిడ్డ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటాడు. అట్లాంటి బిడ్డకు తినడం ఎట్లా నేర్పాలి? ఇదే ఈనాటి మాట.

మొన్న నేను బుద్వేల్ వెళ్ళాను. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నది, వరి పరిశోధన సంస్థ ఉన్నది, జొన్న, రాగి వంటి చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది. వాటికి దగ్గరలోనే బుద్వేల్. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు పట్నంలో కలిసిపోయింది. నేను వెళ్ళిన ఇంట్లో మాత్రం వాకిట్లో రెండు బర్రెలు కట్టి ఉన్నవి. కోడలు పొద్దున ఎనిమిది గంటలకు పనికి పోయి సాయంత్రానికి వస్తుంది. తొమ్మిదిన్నర నెలల మనుమణ్ణి నాయనమ్మ చూసుకొంటుంది. ఆదివారం గనుక ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు.

“అవ్వా, పిల్లవాడు ఏం తింటున్నాడు?” అని అడిగాను.

“ఏం తింటడు బిడ్డా! పాలన్నం మిక్సీల ఏసి నీళ్ళోలె చేసి తాపుతున్న. ఒక్క పలుకు తగిలిందంటె కండ్లు ఎర్రగ చేసి కక్కుతడు. నా పాణం పోతది” అన్నది అవ్వ.

కోడలు మెల్లగా అందుకొన్నది. “బిస్కెట్టు పాలల్ల నానబెడితె తింటడక్కా. అది గూడ ఫోను ముంగట పెట్టాలె. అరటిపండు చేతికిస్తనంటె అత్తమ్మ ఒప్పుకోదు.”

అవ్వ ఒప్పుకోకపోవడానికి కారణం ఉన్నది. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ వాడలో ఒక పసిపిల్లకు పుట్నాల గింజ గొంతుకు అడ్డం పడ్డది. ఆ పిల్ల దక్కలేదు. ఆనాడు ఆ పిల్లను చేతుల మీద ఎత్తుకొని ఉరికినవాళ్ళలో అవ్వ కూడా ఉన్నది. అప్పటినుంచి చిన్నపిల్లల చేతిలో తినే వస్తువు చూస్తే ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవు.

అమ్మలారా, ఆ భయాన్ని చూసి నవ్వకూడదు. అది కంటితో చూసిన భయం. కాని భయపడవలసింది దేనికి అన్నది తెలియాలి. గింజకు భయపడాలి, మెత్తని ముద్దకు భయపడనక్కర లేదు. ఈ రెండింటికీ తేడా తెలియనందువల్ల ఎన్నో ఇళ్ళలో పిల్లలు ఏడాది నిండేదాకా నీళ్ళవంటి తిండితోనే ఉండిపోతున్నారు.

ముందు ఈడు సంగతి చూద్దాం. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కర లేదు. ఆరు నెలలు నిండిన తరువాత తల్లిపాలతోబాటు పై తిండి మొదలుపెట్టాలి. ఎందుకంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కూడబెట్టుకొన్న ఇనుము అప్పటికి తరిగిపోతూ ఉంటుంది. తల్లిపాలు అమృతమే, కాని వాటిలో ఇనుము బహు తక్కువ. మొదట మెత్తగా మెదిపినది, తరువాత కొంచెం పలుకుపలుకుగా ఉన్నది, ఎనిమిది నెలల ప్రాంతానికి చేత్తో పట్టుకొని తినేది, ఏడాది నిండేసరికి ఇంట్లో మనం తినేది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పిన క్రమం. పలుకుతో ఉన్న తిండి పది నెలలు దాటినా అలవాటు చేయకపోతే, ఆ పిల్లలు తరువాత తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టవచ్చునని కూడా వారు హెచ్చరించారు.

వరి నారు పోసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కర లేదు. నారు అదునులో నాటితే పిలకలు వేస్తుంది. నారుమడిలోనే ముదరనిచ్చి నాటితే మొక్క బతుకుతుంది గాని పిలకలు తగ్గుతవి. బిడ్డ నోటికీ అట్లాంటి అదును ఒకటి ఉన్నది. దాటిపోతే ఇక నేర్చుకోడని కాదు. నేర్పడానికి మనకు ఓపిక ఎక్కువ కావాలి, అంతే. బుద్వేల్ పిల్లవాడు తొమ్మిదిన్నర నెలలవాడు. అదును దాటలేదు గాని దాటబోతున్నది.

మన దేశంలో 2019-21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుంచి 8 నెలల వయసు పిల్లలలో తల్లిపాలతోబాటు పై తిండి అందుతున్నది నూటికి 46 మందికే అని తేలింది. అదే సర్వేలో 6 నెలలు దాటిన, 5 ఏళ్ళ లోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు కనబడింది. రక్తం తగ్గడానికి కారణాలు చాలా ఉన్నవి. కాని పాలన్నం నీళ్ళు, బిస్కెట్టు, టీ చుక్కలతో కడుపు నింపే అలవాటు అందులో ఒకటి.

ఇక బిడ్డ ఎందుకు ఉమ్ముతాడో చూద్దాం. పుట్టిన బిడ్డకు తెలిసింది చప్పరించడం ఒక్కటే. చప్పరించేటప్పుడు నాలుక ముందుకూ వెనుకకూ ఆడుతుంది. నమలాలంటే నాలుక పక్కకు కదలాలి. ముద్దను చిగుళ్ళ మధ్యకు తోయాలి. మెదిగిన తరువాత వెనుకకు తీసికొని మింగాలి. ఇది కొత్త విద్య. పాకడం, నిలబడడం ఎట్లా పడుతూ లేస్తూ నేర్చుకొంటాడో ఇదీ అట్లాగే. మొదటి రోజుల్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టివేస్తాడు. మనం “వీడికి రుచించలేదు” అనుకొంటాం. రుచించకపోవడం కాదు, ఏం చేయాలో తెలియకపోవడం.

పళ్ళు రాలేదు గదా, ఎట్లా నములుతాడు అని కొందరు అడుగుతారు. పాలిచ్చే తల్లిని అడగండి, ఆ చిగుళ్ళ బలం ఎంతో చెప్పుతుంది! ముందు పళ్ళు కొరకడానికే. నమిలే దవడ పళ్ళు ఏడాది దాటిన తరువాతగాని రావు. అందాకా మెత్తని తిండిని మెదిపేది చిగుళ్ళే.

ఇప్పుడు అవ్వ భయపడ్డ సంగతి. ఓకరింత వేరు, గొంతుకు అడ్డం పడటం వేరు. చిన్నపిల్లలకు ఓకరింత నాలుక ముందు భాగం నుంచే పుట్టుతుంది. పెద్ద పలుకు వెనుకకు పోకుండా దేహం తానే పెట్టుకొన్న కావలి అది. ఓకరించేటప్పుడు చప్పుడు వస్తుంది. బిడ్డ దగ్గుతాడు, ముఖం ఎర్రబడుతుంది, నాలుక ముందుకు వస్తుంది, ముద్ద బయటపడుతుంది. అప్పుడు మీరు కేక వేయకండి, నోట్లో వేలు పెట్టకండి. నెమ్మదిగా చూస్తూ కూర్చోండి. మీ ముఖంలో భయం కనబడితే ముద్ద అంటేనే భయమని బిడ్డ నేర్చుకొంటాడు. నాలుగు రోజులు పోతే ఓకరింత తగ్గుతుంది.

గొంతుకు అడ్డం పడితే చప్పుడు ఉండదు. దగ్గలేడు, ఏడవలేడు, ఊపిరి అందదు, పెదవులు నల్లబడతవి. అది ప్రాణం మీది సంగతి. ఏడాది లోపు బిడ్డ అయితే ముంజేతి మీద బోర్లా పండబెట్టి, తల కిందికి ఉండేటట్టు పట్టుకొని, అరచేతి మడమతో రెండు రెక్కల నడుమ 5 సార్లు గట్టిగా తట్టాలి. బయటికి రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము నడిమి ఎముక మీద 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఇట్లా మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108 కు ఫోను చేయాలి. బిడ్డకు స్పృహ తప్పితే ఫోనులో వారు చెప్పినట్టు చేయండి. కంటికి కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, అది ఇంకా లోపలికి పోతుంది. వినడం వేరు, చేయడం వేరు. కాబట్టి మీ ఊరి నర్సమ్మను అడిగి ఒకసారి చేయించుకొని చూసుకోండి. అవ్వలూ తాతలూ కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే పగటిపూట బిడ్డ దగ్గర ఉండేది వారే.

చేతికి ఇవ్వకూడనివి ముందు చెప్పుతాను, బాగా గుర్తు పెట్టుకోండి. పల్లీలు, పుట్నాలు, శనగలు, బటానీలు, పేలాలు, జీడిపప్పు పలుకులు, గుండ్రని ద్రాక్షపండ్లు, రేగు పండ్లు, పచ్చి క్యారెట్టు, పచ్చి మామిడి ముక్క, కొబ్బరి ముక్క, మిఠాయి బిళ్ళలు, ముల్లు ఉన్న చేప. గట్టి గింజలు నాలుగైదేళ్ళు వచ్చేదాకా గింజగా ఇవ్వవద్దు. పల్లీలు మంచి బలమైన తిండే. వేయించి మెత్తగా పొడి కొట్టి జావలో, ముద్దలో కలిపి పెట్టండి. తేనె ఏడాది లోపు నాకించను కూడా వద్దు. అందులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగులలో విషం పుట్టించవచ్చు. ఉప్పు, చక్కెర కూడా ఏడాది లోపు అలవాటు చేయనక్కర లేదు. వాటికి అలవాటు పడ్డది మన నాలుకే గాని బిడ్డ నాలుక కాదు.

మరి ఇవ్వవలసినవి? పరీక్ష ఒక్కటే. మీ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కండి. తేలికగా మెదిగితే బిడ్డ చిగుళ్ళకూ మెదుగుతుంది. మెదగకపోతే మళ్ళీ పొయ్యి మీద పెట్టండి.

ఆరేడు నెలల బిడ్డ పిడికిలితో పట్టుకొంటాడు. పిడికిలిలో ఉన్నది తినలేడు, పైకి వచ్చినదే తింటాడు. అందుకని మన వేలంత పొడుగు ముక్క ఇవ్వాలి. తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీది చీమను కూడా ఏరగలుగుతాడు. అప్పుడు శనగగింజంత మెత్తని ముక్కలు ఏరుకొని తినగలుగుతాడు. చీమను ఏరుతున్నాడని విసుక్కోకండి. అన్నం ఏరుకొనే ఈడు వచ్చిందని గుర్తు అది.

మన ఇంట్లో లేనిది ఏదీ కొననక్కర లేదు. మొరంగడ్డ ఉడికించి, తోలు తీసి, వేలంత చేసి ఇవ్వండి. గుమ్మడికాయ, సొరకాయ, ఆలుగడ్డ, క్యారెట్టు ఆవిరి మీద మెత్తగా ఉడికించండి. అరటిపండును వేలితో నడిమికి నొక్కితే నిలువునా మూడు చీలికలవుతుంది. చేతికి జారుతున్నదంటే ఆ చీలికను పుట్నాల పిండిలో పొర్లించండి, పట్టు దొరుకుతుంది. బాగా పండిన బొప్పాయి, మామిడి, గింజ తీసిన సపోటా మంచివి. ఇడ్లీని నిలువుగా కోసి పప్పుకట్టులో ముంచి ఇవ్వండి. జొన్నరొట్టె అంచులు తీసివేసి, నడిమి మెత్తని భాగాన్ని పలుచని పప్పులో బాగా నానబెట్టండి. గుడ్డు బలమైన తిండి. అట్టు వేసి రెండు వైపులా బాగా కాల్చి, పట్టీలుగా కోస్తే పట్టుకోవడం తేలిక. ఉడికించిన పచ్చసొన పొడిగా నోటికి అంటుకొంటుంది, కొంచెం పాలు కలపండి. మాంసం తినేవారు కార్జం మెత్తగా ఉడికించి, సన్నగా చిదిమి వారానికి ఒకటి రెండుసార్లు ముద్దలో పెట్టవచ్చు. ఇనుము అందులో సమృద్ధిగా ఉన్నది. ఆకుకూర పప్పుతో అన్నం గట్టిగా మెదిపి, చెంచా నెయ్యి వేసి, గోరుముద్దలు చేసి పళ్ళెంలో పెట్టండి. గోరుముద్ద మన అమ్మమ్మల కాలంనుంచి ఉన్నదే. ఇప్పుడు మనం చేయవలసిన మార్పు ఒక్కటే, కొన్ని ముద్దలు మన చేత్తో పెట్టి, కొన్ని బిడ్డ చేతికి వదలాలి.

అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లలకు బాలామృతం ఇస్తున్నారు. దానిని పలుచగా తాపకుండా గోరువెచ్చని నీళ్ళతో ముద్దగా కలిపితే బిడ్డ వేళ్ళతో తీసుకొంటాడు. అందులో తీపి ముందే ఉన్నది, ఇంకా చక్కెర కలపవద్దు. నర్సమ్మగాని, ఆశా కార్యకర్తగాని ఇచ్చే ఇనుము మందు, వారానికి రెండుసార్లు 1 మి.లీ., మరిచిపోకుండా వేయండి. తిండి తిండే, మందు మందే.

ఇక పేచీ పెట్టే బిడ్డకు ఎట్లా నేర్పాలి? బుద్వేల్‌లో అవ్వతో, కోడలితో కూర్చుని మేము వేసుకొన్న పద్ధతి చెప్పుతాను.

మొదటిది, మిక్సీని అటక ఎక్కించాము, పప్పుగుత్తిని కిందికి దించాము. మిక్సీలో వేస్తే ఎన్నాళ్ళకైనా నీళ్ళే. పప్పుగుత్తితో మెదిపితే చెయ్యి మన అదుపులో ఉంటుంది. మొదటి వారం పది సార్లు తిప్పితే, రెండో వారం ఆరు సార్లు, మూడో వారం మూడు సార్లు. నీళ్ళు కూడా రోజుకు కొంచెం తగ్గించాలి. చెంచా వంచితే జారిపోకుండా నిలిచే చిక్కదనం ఉండాలి.

రెండవది, వేళ. పాలు తాగిన వెంటనే పెడితే తినడు. మరీ ఆకలిమీద ఉన్నా తినడు, ఏడుస్తాడు. నిద్ర కళ్ళతో ఉంటే అసలే తినడు. పాలు తాగిన గంటా గంటన్నరకు, ఆడుకొంటూ ఉన్నప్పుడు పెట్టాలి. నడుమ బిస్కెట్టు ఆపాలి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నెలలు దాటితే మూడు నాలుగుసార్లు, నడుమ ఒకటి రెండుసార్లు పండు ముక్కో గుడ్డు ముక్కో. తల్లిపాలు రెండేళ్ళు వచ్చేదాకా, ఆపైన కూడా ఇవ్వవచ్చు.

మూడవది, కూర్చునే తీరు. పండుకోబెట్టి, వెనుకకు వాల్చి పెట్టకూడదు. వీపు నిటారుగా ఉండాలి. అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టుకొని, ముందర పళ్ళెం పెట్టి, కింద పాత దుప్పటి పరిచాము. మన చేతులూ బిడ్డ చేతులూ సబ్బుతో కడిగాము. ఎవరైనా ఒకరు ఎదురుగా కూర్చుని అదే తిండి తినాలి. పిల్లలు విని నేర్చుకొనేదానికంటే చూసి నేర్చుకొనేది ఎక్కువ. తింటున్నంతసేపూ బిడ్డ దగ్గరనుంచి లేవకూడదు. పాకుతూ, నడుస్తూ తిననివ్వకూడదు.

నాలుగవది, సెల్‌ఫోను. చందమామను చూపించి తినిపించిన దేశం మనది, ఫోను చూపిస్తే తప్పేమిటి అని కోడలు అడిగింది. మంచి ప్రశ్న. చందమామను చూపించినప్పుడు అమ్మ మాట్లాడుతుంది, బిడ్డ అమ్మ ముఖం చూస్తాడు, ముద్ద చూస్తాడు, నోరు తెరుస్తాడు. ఫోను చూసే బిడ్డ నోట్లోకి ఏం పోతున్నదో చూడడు. ఆకలి తీరిందో లేదో కూడా అతనికి తెలియదు. అలవాటు పడ్డ బిడ్డ నుంచి ఒక్కసారిగా లాక్కుంటే ఏడుస్తాడు. అందుకని ముందు పగటి తిండి ఒక్కదానికి మానిపించాము.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, బలవంతం వద్దు. ముక్కు మూయడం, చేతులు పట్టుకోవడం, నోట్లో కుక్కడం తగదు. పళ్ళెంలో ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మనం నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డ నిర్ణయిస్తాడు. నోరు తెరిస్తే పెట్టాలి, ముఖం తిప్పితే ఆగాలి. ఒక క్షణం ఆగి మళ్ళీ చూపాలి. అప్పటికీ వద్దంటే పళ్ళెం తీసివేయాలి. కోపగించవద్దు. ఒక కొత్త తిండి నచ్చడానికి ఎనిమిది పదిసార్లు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువసార్లు చూపవలసి వస్తుంది. రెండుసార్లు ఉమ్మితే “వీడు తినడు” అని తీర్పు చెప్పేవారే ఎక్కువ. తీర్పు తొందరపడి చెప్పకండి.

ఇదంతా చెప్పడానికి బాగుంటుంది, పల్లెలో జరుగుతుందా అని మీరు అడగవచ్చు. జరిగింది. మన పొరుగు నల్లగొండ జిల్లాలోనే జరిగింది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918 లో కూనూరులో మొదలై, 1958 లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. ఆ సంస్థవారు ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి నల్లగొండ జిల్లాలో 60 ఊళ్ళు తీసికొని, 600 మంది తల్లులతో ఒక పరిశీలన చేశారు. మూడు నెలల పిల్లలను మొదలుకొని పదిహేను నెలలు వచ్చేదాకా చూశారు. కొన్ని ఊళ్ళలో మామూలు అంగన్‌వాడీ సేవలే ఉంచారు. కొన్ని ఊళ్ళలో ఏ ఈడుకు ఏ తిండి పెట్టాలో నేర్పారు. మరికొన్ని ఊళ్ళలో దానితోబాటు బిడ్డ సైగ కనిపెట్టి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. ఇంటింటికీ వెళ్ళి చెప్పింది ఊళ్ళలోని ఆడవాళ్ళే. 2013 లో ప్రకటించిన ఫలితాలలో, నేర్పిన రెండు రకాల ఊళ్ళలోనూ పిల్లలకు బలమైన తిండి, అందులో ఇనుము కూడా, ఎక్కువ అందినట్టు తేలింది. సైగ కనిపెట్టడం, ఆడించడం నేర్పిన ఊళ్ళ పిల్లలు బుద్ధి వికాస పరీక్షలలో కూడా మెరుగుగా కనబడ్డారు. రక్తహీనత మాత్రం దీనివల్లనే తగ్గిపోలేదు. అందుకే ఇందాక ఇనుము మందు మానవద్దని చెప్పాను.

దూరదేశంలో మరొక ముచ్చట. అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు అప్పుడే పాలు మాన్పించిన పసిపిల్లల ముందు రకరకాల తిండి పెట్టి, ఏమీ బలవంతం చేయకుండా చూసింది. 1928 లో ఆ సంగతి ప్రకటించింది. పిల్లలు చేతులతో తీసుకొన్నారు, పారబోశారు, కొన్నిటిని ఉమ్మారు. పక్కన కూర్చున్న నర్సు చెంచా పట్టుకొని ఊరక ఉన్నది. బిడ్డ తానై కోరితేనే అందించింది. పిల్లలు చక్కగా పెరిగారు. కాని ఒక సంగతి మరువకూడదు. ఆమె పెట్టినవన్నీ ఇంటి వంటకు పనికివచ్చే మంచి తిండ్లే, మిఠాయి ఒక్కటీ లేదు. ఎంచుకోవడం బిడ్డ వంతు, మంచివి ఎదుట పెట్టడం మన వంతు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ అయితే, పుట్టిన రోజునుంచి గాక, పుట్టవలసిన రోజునుంచి ఈడు లెక్కించుకోండి. మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. జ్వరం, విరేచనాలు, నోటిపూత ఉన్నప్పుడు బిడ్డ తినకపోతే ఖంగారు పడకండి. తల్లిపాలు ఎక్కువసార్లు ఇచ్చి, తగ్గిన తరువాత రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి. అయితే పాలు తాగేటప్పుడే పొలమారుతుంటే, తిన్న ప్రతిసారి దగ్గు, గురక వస్తుంటే, తొమ్మిది నెలలు నిండినా ఆనుకోకుండా కూర్చోలేకపోతే, పది నెలలు దాటినా ఏ పలుకూ మింగలేకపోతే, అంగన్‌వాడీలో తూచిన బరువు రెండు నెలలు వరసగా పెరగకపోతే, ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకండి. పిల్లల డాక్టరుకు చూపండి.

ఇక బుద్వేల్ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను.

మొదటి రోజు మొరంగడ్డ ముక్క చేతిలో పెడితే విసిరివేశాడు. అవ్వ నావైపు చూసింది, “చెప్పలేదా” అన్నట్టు. రెండో రోజు పిసికి తలకు రాసుకొన్నాడట. మూడో రోజు నాకి ముఖం చిట్లించాడట. ఈ మూడు రోజులూ అవ్వ గుండె చేతబట్టుకొని కూర్చున్నది. నేను ఆమెకు ఒక పని అప్పజెప్పి వచ్చాను. “అవ్వా, ప్రతి ముక్కా నీ వేళ్ళతో నొక్కి చూసినాకనే వాడి చేతికి పోవాలె. నీకు ఏది గట్టిగా అనిపిస్తే అది పక్కన పెట్టు” అన్నాను. ఆమె భయానికి అది తగిన పని. ఇంట్లో పుట్నాల డబ్బా, పల్లీల డబ్బా కూడా ఆమెనే పై అరలో పెట్టింది. భయం పోలేదు, కాని కావలిగా మారింది.

పది రోజుల తరువాత మళ్ళీ వెళ్ళాను. పిల్లవాడు అవ్వ ఒళ్ళో కూర్చుని ఉన్నాడు. ముందర పళ్ళెంలో పప్పన్నం ముద్దలు, గుడ్డు అట్టు పట్టీలు రెండు. ఒక పట్టీ నోట్లో సగం, బయట సగం. ఓకరించాడు. అవ్వ చెయ్యి ముందుకు లేచింది, అక్కడే ఆగింది. వాడు ఒకసారి దగ్గి, నాలుకతో ముక్కను ముందుకు తెచ్చుకొని, మళ్ళీ చిగుళ్ళ మధ్యకు తోసుకొన్నాడు. మింగాడు. తరువాత ఇంకో పట్టీకి చెయ్యి చాచాడు.

“నాలుగు బుక్కలే తిన్నడు బిడ్డా” అన్నది అవ్వ.

“నాలుగూ వాడే తిన్నాడు అవ్వా” అన్నాను.

కోడలు తుడుపుగుడ్డ తెచ్చి నేల తుడుస్తున్నది. ముఖాన, జుట్టున, దుప్పటిన అన్నమే. ఆ తుడిచే పని ఇంకా రెండు మూడు నెలలు తప్పదని ముందే చెప్పాను. ఆమె నవ్వి ఊరుకొన్నది.

అమ్మలారా, రేపు పొద్దున మీ ఇంట్లో ఒక మొరంగడ్డ ఉడకబెట్టండి. వేళ్ళ నడుమ నొక్కి చూడండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముక్క అతని చేతికి ఇచ్చి, ఒక ముక్క మీరు తినండి. విసిరితే తియ్యండి, ఎల్లుండి మళ్ళీ ఇవ్వండి. ఇక సెలవు.